చర్చి జీపు సెకండ్ గేరు

నవంబర్ 14

ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయింది. చుట్టాలంతా మధ్యాహ్నానికే సర్దుకున్నారు. బిర్యానీ గిన్నెలు పెరట్లో అలాగే పడి ఉన్నాయి. తోమాలి. తోమాలని లేదు.

ఈ డైరీ ఆయిల్ కంపెనీవాళ్ళు మా పాత జీపు సామాను దుకాణానికి ఇచ్చింది. ఆయన ఒక్క పేజీ కూడా రాయలేదు. ఏదైనా గుర్తు రాకపోతే గల్లా దగ్గర కూర్చున్న నా మొహం చూసేవారు, అంతే.

నవంబర్ 15

దుకాణం కడిగారట. ఫాతిహా అక్కడ కూడా చదివించాలని అత్తయ్య పట్టుబట్టింది. చదివే చోట గ్రీజు మరకలు ఉండకూడదని మరిది నాగూర్ వలి, అత్తయ్య, వీధిలో ఆడవాళ్ళు కలిసి రెండు రోజులు రుద్దారు. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పాటించే ఇద్దత్‌లో ఉన్నాను కాబట్టి నేను గుమ్మం దాటకూడదు. ఫిబ్రవరి దాకా ఇంతే. అందుకని నాకెవరూ చెప్పలేదు.

ఆయన బల్ల మీద రెండు గేరుబాక్సులు విప్పి ఉన్నాయి. ఒకటి చర్చి జీపుది. రెండోది పిడుగురాళ్ల సున్నపు క్వారీలో గోతిలోంచి రాయి పైకి లాగే జీపుది. రెండూ నా కంటే వయసులో పెద్దవి. దేని సామాను దానికి వేరే పళ్ళెంలో పెట్టి ఉంచారు ఆయన. వీళ్ళు అంతా ఒకే తొట్టెలో కుమ్మరించి డీజిలు పోసి కడిగేశారు.

నాగూర్ వలి ఎంత సంబరంగా చెప్పాడో! "కొత్త సామానులాగా ఉంది వదినా. అన్న చూస్తే మురిసిపోయేవాడు."

బాగుందయ్యా అన్నాను. ఇంకేమంటాను.

నవంబర్ 16

ఇంకా ఉంది. గేర్ల మధ్యలో వేసే ఇత్తడి రింగులు నాలుగింటినీ అత్తయ్య చింతపండు పెట్టి తోమింది. ఆపైన ఇటుక పొడి కూడా. "వాడి దుకాణంలో ఇత్తడి నల్లగా మాడిపోయి ఉంటే చూడలేకపోయానే" అంది. ఆ రింగుల లోపల వెంట్రుకంత సన్నటి గాట్లు ఉంటాయి, వాటి అరుగుదల చూసే రింగు పనికొస్తుందా లేదా చెబుతాం. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో కూర్చుని తోమింది.

నవ్వొచ్చింది. ఈ నెలన్నరలో మొదటిసారి. వెంటనే ఆపేశాను.

నవంబర్ 19

నాగూర్ వలి వచ్చి అసలు మాట చెప్పాడు. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, ఈ సామాను సంగతి బొత్తిగా తెలియదు. "ఏ ముక్క దేనిదో అన్నకు తప్ప ఎవరికి తెలుసు వదినా? తుక్కు కింద తూకానికి ఇచ్చేద్దాం. షాపు గది ఖాళీ చేద్దాం. నువ్వు వినుకొండలో మీ అన్న దగ్గర ఉండొచ్చు గదా."

చెడ్డవాడు కాదు. మాకు పిల్లలు లేరు, ఈ ఇంట్లో నన్ను ఏం చేయాలో అతనికి తోచడం లేదు. నాకూ తోచడం లేదు.

"రెండు బాక్సులు బల్ల మీద ఉన్నాయి గదయ్యా, అవి వాళ్ళకు అప్పజెప్పాక చూద్దాం" అన్నాను.

"ఎవరు బిగిస్తారు?"

"పక్క షెడ్డు ఖాదర్ వలి అన్న బిగిస్తాడు."

"ఏది దేనిదో ఎవరు చెబుతారు?"

"నేను చెబుతాను" అన్నాను. అత్తయ్య నా వైపు చూసింది. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఊరికే గడువు కోసం అయ్యుంటుంది.

నవంబర్ 21

సామాను మిరపకాయల గోతంలో ఇంటికి వచ్చింది. వంటింటి పక్క గదిలో పాత చీర పరిచి పోయించాను. దుమ్ముకు తుమ్మలేక చచ్చాను.

నవంబర్ 28

వారం రోజులుగా ఇదే పని. నమాజు, వంట, ఇది. ఇది ఉన్నంతసేపు ఇంకేదీ ఆలోచించనక్కర్లేదు.

మొదట సున్నం పట్టుకున్నాను. ఎంత కడిగినా బోల్టు కన్నాల అడుగున క్వారీ సున్నం రాయిలా గట్టిపడి ఉంటుంది. పిన్నీసుతో గీకితే తెల్లగా రాలిన ముక్కలన్నీ పిడుగురాళ్లవి. వాటిని గోడ వైపు పెట్టాను. సగం అలా తేలిపోయాయి.

మిగతావి పళ్ళు చూసి. గేరుకు నోరుండదు గానీ దాన్ని నడిపినవాడి చెయ్యి దాని మీద ఉంటుందని ఆయన అనేవారు. క్వారీ జీపు కదలదు, ఇంజను రాయిని లాగుతుంది, అంతే. ముందుకు ఫస్టు, వెనక్కి రివర్సు. చక్రం ఆగకముందే గేరు మార్చేస్తారు, అందుకని పళ్ళ మూలలు ఎలుక కొరికినట్టు ఉంటాయి. చర్చి జీపు అలా కాదు. నెత్తిన మైకు కట్టుకుని పల్లెల్లో మనిషి నడకన పోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సెకండ్ గేరే. ఫస్టు గేరు కొత్తపెళ్ళికూతురిలా ఉంది, సెకండు ఒక పక్కకే అరిగి కత్తి అంచులా తయారైంది. లోడు పడితే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేస్తోందని చర్చి పెద్ద ఇమ్మానుయేలు గారు చెప్పింది ఇందుకే.

రింగులు మాత్రం నాలుగూ పెళ్ళిపందిట్లో చెంబుల్లా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ గేరు మీద పెట్టి నొక్కి తిప్పి చూశాను. పట్టుకుంటే మంచిది, జారితే పోయినట్టు. రెండు పట్టుకున్నాయి. రెండు జారాయి. పట్టినవి చర్చి వైపు పెట్టాను, న్యాయం కాకపోవచ్చు. రాయిని లాగేదానికి రింగులతో పనేముంది.

డిసెంబర్ 3

ఖాదర్ వలి అన్న వచ్చాడు. పాతికేళ్ళుగా మా దుకాణం పక్క షెడ్డులో మెకానిక్. ఇద్దత్‌లో పరాయి మగవాళ్ళకు కనపడకూడదు కనుక వసారాకు, గదికి మధ్య దుప్పటి కట్టారు. అత్తయ్య గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను మాట్లాడితే అన్నకు వినపడుతుంది, అన్న మాట్లాడితే నాకు వినపడుతుంది, అయినా అత్తయ్య రెండిటినీ మళ్ళీ చెబుతుంది.

"ఈ షాఫ్టు చర్చిది అని చెప్పండి అత్తయ్యా."

"చర్చిదంట."

"విన్నానమ్మా. ఎట్టా తెలిసిందో అడుగు."

"ఎట్టా తెలిసిందంటున్నాడు."

పళ్ళెం దుప్పటి కింద నుంచి అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. ప్రతి ముక్కకూ అన్న అడ్డు తగిలాడు. రెండిటికి నేను తగ్గాను. మిగతావాటికి ఆయనే తగ్గాడు. పోతూ పోతూ, "ఖలీల్ నీకు ఇంత నేర్పాడని తెలవదమ్మా" అన్నాడు.

నేర్పలేదు. పద్నాలుగేళ్ళు ఎదురుగా కూర్చున్నాను.

డిసెంబర్ 5

వంట చేయలేదు. నిన్నటి పులుసే.

డిసెంబర్ 9

చర్చి జీపుకు వేయాల్సిన సెకండ్ గేరు ఆయనే తెచ్చి పెట్టారు. పేపర్లో చుట్టి గల్లా కింద ఉంది కాబట్టి కడుగుడు నుంచి తప్పించుకుంది. విజయవాడ నుంచి తెచ్చారు. తను పోయిన ఆ రోజు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చారు.

దాన్ని బాక్సులో దానికి జతగా తిరిగే లే షాఫ్టు గేరు పక్కన పెట్టి పళ్ళలో పళ్ళు కలిపి తిప్పాను. ఒక చుట్టు బాగానే తిరిగి బిగుసుకుంటోంది. మళ్ళీ తిప్పాను. లెక్కపెట్టాను. విప్పిన పాత గేరు కంటే దీనికి ఒక పన్ను ఎక్కువ. వేరే మోడల్‌ది. జత కలవదు.

అన్న ఒప్పుకోలేదు. "ఖలీల్ ఎంచి తెచ్చిన గేరు తప్పెట్టా అవుద్దమ్మా? నాకు ఫోన్ చేసి చెప్పాడు, చర్చి జీపు సెకండు దొరికింది, రేపు బిగిద్దామని. అదే వాడి చివరి మాట నాతో. కొంచెం బిగువుగా ఉంటే ఏమైంది, తిరిగి తిరిగి సర్దుకుంటది."

"సర్దుకోదన్నా. లోడు మీద పళ్ళు రాలిపోతాయి. జీపు నిండా మనుషులుంటారు. ఈ గేరు తప్పు."

ఈ మాట అత్తయ్య అటు చెప్పలేదు. లేచి నిలబడింది. "నా కొడుకు తప్పు చేశాడంటావా? మట్టి ఆరకముందే వాడి పనికి వంక పెడతావా?" అంది. స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అన్న కూడా చెప్పులు వేసుకుని పోయాడు.

విజయవాడ తుక్కు వాళ్ళు మార్చి ఇచ్చి ఉంటారు. ఆయన ఎంచింది ఒకటి, వాళ్ళు చుట్టింది ఒకటి. అలాగే అయ్యుంటుంది.

గేరు మీద ఆయన సుద్ద గీతలున్నాయి. వాటి సంగతి ఇప్పుడు రాయను.

డిసెంబర్ 10

చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. అది రాసి, కొట్టేద్దామనుకుని, కొట్టేయలేదు.

డిసెంబర్ 15

అత్తయ్య మాట్లాడడం లేదు. అన్నం పెడితే తింటుంది. ఉప్పు తక్కువైతే లేచి తనే వేసుకుంటుంది, నన్ను అడగదు. ఖాదర్ వలి అన్న క్వారీ బాక్సు బిగించడానికి మనసు చంపుకుని వచ్చాడు. పళ్ళెం అందించేవాళ్ళు లేక చీపురుకట్టతో దుప్పటి కిందికి తోశాను. అటునుంచి ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

డిసెంబర్ 21

ఇమ్మానుయేలు గారు ఫోన్ చేశారు. పొదిలి దగ్గర పల్లెలో సంఘ పెద్ద, రిటైరైన టీచరు. గొంతు ఎంత మెల్లగా ఉంటుందో.

"వందనాలమ్మా. తొందరపెట్టడానికి కాదు. క్రిస్మస్ పాటలకి ట్రాక్టరు మీద తిరుగుతున్నాం. జనవరి ఆఖర్లో సభలు మాత్రం రేగడి నేలల ఊళ్ళల్లో పెట్టుకున్నామమ్మా, అక్కడికి ఇంకే బండీ దిగదు. అయిపోద్దా?"

అయిపోతుందండీ అన్నాను.

"అన్నగారు లేకుండా ఎవరు చేస్తున్నారమ్మా?"

ఛార్జింగ్ అయిపోతోందని ఫోన్ పెట్టేశాను. అయిపోలేదు.

డిసెంబర్ 30

క్వారీవాళ్ళు బాక్సు పట్టుకెళ్ళారు. రాయి లాగుతోందట. ఒకటి తీరింది.

సెకండ్ గేరు ఎక్కడా లేదు. చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు, అందరికీ ఫోన్ చేశాను. సగం మంది నా గొంతు వినగానే సారీ చెప్పి ఆయన గురించి మాట్లాడతారు. మిగతా సగం మంది మీ ఇంట్లో మగవాళ్ళకు ఇవ్వమ్మా అంటారు. ఒకాయన లారీ గేరు ఫోటో పంపాడు. విసుగొచ్చింది. నాగూర్ వలి తూకం మనిషితో మాట్లాడి ఉంచాడట, ఇద్దత్ తీరిన మర్నాడు రమ్మని.

వినుకొండకు వెళ్ళిపోతే పోయేదేముంది. పొద్దున లేచి వదిన చేతి కాఫీ తాగి కూర్చోవచ్చు. నిజంగా అలసిపోయాను. ఈ గేరు దొరికితే చాలు, ఆ తర్వాత షాపు ఏమైనా నాకు పట్టదు.

జనవరి 7

ఇమ్మానుయేలు గారే ఒక నంబరు ఇచ్చారు. నాగేంద్రబాబు, పొదిలి అవతల, మిర్చి రైతు. వాళ్ళ నాన్న జీపు ఇరవై ఏళ్ళుగా కొట్టంలో పడి ఉందట. ఇంజను ఎవరో పట్టుకుపోయారు. గేరుబాక్సు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

పై మూత విప్పించి వీడియో కాల్‌లో చూపించమన్నాను. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఒక కన్నుతో చూశాను. పళ్ళు లెక్కపెట్టమంటే మొదలుపెట్టాడు, మధ్యలో ఎవరో పలకరించారు, "ఒరేయ్, లెక్క తప్పిస్తావేందిరా!" అని వాణ్ణి తిట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటు దాటిపోయాడు.

"మొదటి పన్నుకు దారం కట్టండి" అన్నాను.

"అబ్బో, మంచి తెలివేనమ్మా!"

దారం కట్టాక సరిపోయింది. సరైన లెక్క. మళ్ళీ చూపించమన్నాను. సరైన లెక్కే.

"పదిరోజుల్లో యార్డుకి మిర్చి టిక్కీలేసుకొస్తన్నా. వాటి మధ్యనే పెట్టుకొస్తాలే. ఇంతకీ జీపు ఎవురిది, మీదా?"

"చర్చిదండీ."

"మీరు తురకలు గదమ్మా?"

"గేరుకు అదేం తెలుసండీ" అన్నాను. పకపకా నవ్వాడు.

జనవరి 18

నిన్న బాక్సు వచ్చింది. మిరప ఘాటుకు ఇల్లంతా దగ్గు. ఖాదర్ వలి అన్న వసారాలో విప్పి సెకండ్ గేరు తీసి దుప్పటి కిందికి పంపాడు. లే షాఫ్టుకు కలిపి తిప్పాను. నీళ్ళలా తిరిగింది. అన్న అటునుంచి "బిగిస్తానమ్మా" అన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం నేను గదిలో ఉండగా అత్తయ్య వచ్చింది. నెల దాటింది ఆవిడ ఈ గదిలోకి వచ్చి. చేతిలో తస్బీ పూసల దండ ఉంది. "ఏదీ, వాడు తెచ్చింది?" అంది.

ఇచ్చాను. నేల మీద కూర్చుని గేరు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడకు అంకెలు పెద్దగా రావు. ఒక పన్ను మీద వేలు, ఒక పూస ముందుకు. ఒక పన్ను, ఒక పూస. చుట్టూ తిరిగి ఆ పూస దగ్గర నా జడ పిన్ను గుచ్చమంది. తర్వాత పాత గేరు అడిగింది. మళ్ళీ మొదటి పూస నుంచి. ఈసారి పిన్నుకు ఒక పూస ఇవతలే ఆగిపోయింది.

నేను అప్పుడు సుద్ద గీతలు చూపించాను. ఇక చూపించక తప్పలేదు.

ఆయన మొదలెట్టిన పన్ను మీద ఒక సుద్ద గీత పెట్టి లెక్కపెట్టేవారు. ఒకే గీత. ఏ గేరు మీదైనా ఒకటే ఉంటుంది. గోల మధ్యలో, బేరం ఆడుతూ కూడా ఒక్కసారే లెక్కపెట్టేవారు. ఈ గేరు మీద నాలుగున్నాయి. ఒకటి సగం గీసి వదిలేశారు. తుక్కు వాళ్ళు మార్చలేదు. ఈ గేరునే చేతిలో పట్టుకుని, లెక్క నిలవక, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి సరేలే అని తెచ్చేశారు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఎండగా ఉందన్నారు. మజ్జిగ తాగి పడుకున్నారు. బాగానే ఉన్నారు, నిద్రలో పోయారు, ఏ బాధా పడలేదు అని అందరికీ చెప్పాను. నేనూ అదే పట్టుకుని ఉన్నాను.

అత్తయ్య ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. చెరిగిపోతాయేమోనని వెంటనే తీసేసింది.

"వాడికి పొద్దుటి నుంచే ఒంట్లో బాగోలేదే" అంది. "విజయవాడలోనే మొదలైంది. నొప్పి వస్తుంటే లెక్కెట్టుకుంటా నిలబడ్డాడు నా బిడ్డ."

ఇద్దరం ఏడ్చాం. గట్టిగా. వీధిలో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

జనవరి 19

ఏమీ చేయలేదు. అత్తయ్య అన్నం వండింది.

జనవరి 27

చర్చి జీపు మా వీధిలోకి వచ్చింది. నేను కిటికీ రెక్క వెనక నిలబడ్డాను. ఇమ్మానుయేలు గారు పక్కన, ఖాదర్ వలి అన్న స్టీరింగు దగ్గర. సెకండ్‌లో, మనిషి నడకన, వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి. వీధి పిల్లలంతా వెనక ఎక్కారు. గతుకుల్లో ఎగిరింది, గేరు ఊడలేదు.

ఇమ్మానుయేలు గారు గుమ్మం దగ్గరకు వచ్చి మా కోసం ప్రార్థన చేసుకోవచ్చా అని అడిగారు. అత్తయ్య చేసుకో నాయనా అంది. ఆయన చేసినంతసేపూ నెత్తిన కొంగు వేసుకుని నిలబడింది. ఆయన ఆమెన్ అంటే ఈవిడ ఆమీన్ అంది.

నాగూర్ వలి కూడా ఉన్నాడు. "రెండు బాక్సులూ అయిపోయినాయి గదా వదినా" అన్నాడు పోతూ. అయిపోయాయి అన్నాను. నేను పెట్టిన గడువే కదా. డిసెంబరులో ఏమైనా పట్టదని రాశాను. అబద్ధం రాశాను. నాకు ఆ షాపు కావాలి. ఎవరితో చెప్పాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 12

నిన్నటితో ఇద్దత్ తీరింది. పొద్దున స్నానం చేసి దుకాణానికి నడిచి వెళ్ళాను. ఎండ కళ్ళలో పొడిచింది. అత్తయ్య నేనూ వస్తానని రిక్షా ఎక్కింది. నాగూర్ వలి షట్టరు ఎత్తాడు. లోపల అంత శుభ్రంగా ఉంటే మాది కానట్టే ఉంది. తూకం మనిషి అప్పటికే కాటా దించి, ఇద్దరు కూలీలతో బయట కూర్చుని ఉన్నాడు. నేను వాణ్ణి చూసి, గల్లా వెనక నా కుర్చీలో కూర్చున్నాను.

ఇంతలో గడ్డం నెరిసిన రైతొకాయన బస్సు దిగి వచ్చాడు. తువ్వాలులో ఏదో మూట కట్టి ఉంది. కాటా దాటుకుని లోపలికి వచ్చి ఆయన బల్ల వైపు చూశాడు.

"ఖలీల్ లేడామ్మా?"

రైతుకు ఎవరూ చెప్పలేదన్న మాట. నాగూర్ వలి తల దించుకున్నాడు.

అత్తయ్య చెప్పింది. "లేడు నాయనా. నా కొడుకు చనిపోయాడు." నా వైపు చెయ్యి చూపించింది. "అది నా కోడలు. దానికి చూపించు, అది చూసి చెప్తది."

తర్వాత గుమ్మంలోకి వెళ్ళి తూకం మనిషితో, "కాటా తీసుకుపో బాబూ, ఇక్కడ వ్యాపారం నడుస్తా ఉంది" అంది. వాడు నాగూర్ వలి వైపు చూశాడు. నాగూర్ వలి వాళ్ళమ్మ వైపు చూసి, లేచి, కాటా ఎత్తడానికి తనే ఒక చెయ్యి వేశాడు.

రైతు మూట గల్లా మీద పెట్టాడు. నేను కళ్ళు తుడుచుకుని మూట విప్పాను. పళ్ళు రాలిన రివర్సు గేరు. మా దగ్గర లేదు. తెప్పిస్తానండీ, వచ్చే వారం రండి అన్నాను.